సిస్‌ప్లాటిన్ చికిత్స - వినికిడి సంరక్షణ: తడ సరిహద్దు ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్యాన్సర్ చికిత్సలో విస్తృతంగా వాడే సిస్‌ప్లాటిన్ అనే ఔషధం లోపలి చెవిలోని రోమకణాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ఈ నష్టం అధిక పౌనఃపున్య ధ్వనులతో మొదలవుతుంది కాబట్టి రోగికి, కుటుంబానికి చాలాకాలం తెలియకుండానే సాగుతుంది. పోయిన వినికిడిని తిరిగి తెచ్చే ఔషధం లేదు. అందువల్ల సంరక్షణ మొత్తం మందు ఎక్కించడానికి ముందూ, ఎక్కించిన తరువాతి కొన్ని గంటల్లోనూ జరగవలసి ఉంటుంది. నష్టం జరిగే తీరు, తెలుగు భాషాధ్వనుల గ్రహణంపై దాని ప్రభావం, పిల్లలలో సోడియం థయోసల్ఫేట్ వాడకానికి ఉన్న ఆధారాలు, దాని పరిమితులు ఈ వ్యాసంలో వివరింపబడ్డాయి. తిరుపతి, చెన్నై నగరాల నడుమ వైద్యం కోసం ప్రయాణించే తడ ప్రాంత రోగుల విషయంలో వినికిడి పరీక్షా పత్రం ఎందుకు కీలకమవుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: సిస్‌ప్లాటిన్, వినికిడి లోపం, కర్ణావర్తం, రోమకణాలు, సోడియం థయోసల్ఫేట్, ఆడియోగ్రామ్, తెలుగు ధ్వనులు, తడ.

1. ప్రవేశిక:

క్యాన్సర్ చికిత్స ఫలితాన్ని చాలాకాలం ఒకే కొలతతో చూశారు. రోగి బ్రతికాడా లేదా అన్నదే ఆ కొలత. చికిత్సలు మెరుగుపడి, ముఖ్యంగా పిల్లలలో వచ్చే అనేక కణితులు నయమవుతున్న కొద్దీ రెండవ ప్రశ్న ముందుకు వచ్చింది. బ్రతికిన మనిషి ఏ స్థితిలో బ్రతుకుతున్నాడు? మూడేళ్ళ వయసులో కాలేయ కణితి నుండి బయటపడిన పిల్లవాడి ముందు ఇంకా అరవై, డెబ్బై ఏళ్ళ జీవితం ఉంటుంది. ఆ వయసులో వినికిడి దెబ్బతింటే మాట నేర్వడం, చదువు, ఉద్యోగం అన్నీ దాని ప్రభావానికి లోనవుతాయి.

రసాయన చికిత్స చరిత్రలో తెలుగువారికి సుపరిచితమైన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక ఔషధాలతో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు చికిత్స చేసి, 1948లో ఫలితాలను ప్రకటించాడు. ఆ తరం మందుల వలన ఎముకమజ్జకూ, కాలేయానికీ కలిగే హాని రక్తపరీక్షలో కనిపిస్తుంది. చెవికి కలిగే హాని అలా కనిపించదు. దానిని ప్రత్యేకంగా వెదికితేనే బయటపడుతుంది. ఈ వ్యాసంలోని చర్చ అంతా ఈ తేడా మీద ఆధారపడి ఉంది.

2. సిస్‌ప్లాటిన్ - ఆవిర్భావం, ప్రయోజనం:

సిస్‌ప్లాటిన్ ఒక ప్లాటినం సమ్మేళనం. ఇటలీకి చెందిన మికేలే పైరోనే దీనిని 1844లోనే తయారుచేశాడు. దాని జీవప్రభావం మాత్రం 1965 వరకు ఎవరికీ తెలియదు. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియాపై విద్యుత్ క్షేత్రం ప్రభావాన్ని పరిశీలిస్తున్నపుడు బాక్టీరియా విభజన ఆగిపోయింది. దానికి కారణం విద్యుత్తు కాదనీ, ప్లాటినం ఎలక్ట్రోడుల నుండి ద్రావణంలోకి చేరిన సమ్మేళనాలనీ తరువాత తేలింది. 1978లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు ఆమోదం తెలిపింది.

ఈ మందు కణంలోని డి.ఎన్.ఎ.కు అతుక్కొని విభజనను అడ్డుకుంటుంది. పెద్దలలో తల-మెడ, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తులు, అండాశయం, వృషణాలు, మూత్రాశయం మొదలైన భాగాల క్యాన్సర్లకు, పిల్లలలో హెపటోబ్లాస్టోమా, న్యూరోబ్లాస్టోమా, మెడుల్లోబ్లాస్టోమా, ఎముక క్యాన్సర్, బీజకణ కణితులకు దీనిని వాడతారు. పొగాకు, వక్క నమలడం వంటి అలవాట్ల వలన తల-మెడ క్యాన్సర్లు భారతదేశంలో ఎక్కువ. కాబట్టి ఈ మందు వాడకం కూడా ఇక్కడ ఎక్కువే. చెవికి హాని చేస్తుందన్న కారణంతో దీనిని పక్కన పెట్టడం సాధ్యం కాదు. చాలా కణితులలో దీనికి సమానమైన ప్రత్యామ్నాయం లేదు. ఇదే కుటుంబానికి చెందిన కార్బోప్లాటిన్ సాధారణ మోతాదులో చెవికి తక్కువ హాని చేస్తుంది. అయితే అన్ని కణితులలోనూ అది సిస్‌ప్లాటిన్ స్థానాన్ని భర్తీ చేయలేదు.

3. లోపలి చెవిలో జరిగే నష్టం:

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉండే భాగమే కర్ణావర్తం. మనిషికి పుట్టుకతో ఒక్కొక్క కర్ణావర్తంలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. వాటిలో దాదాపు 3,500 లోపలి వరుసకు చెందినవి. ఇవి ధ్వనిని నాడీసంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. మిగిలిన సుమారు 12,000 బయటి వరుసలకు చెందినవి. ఇవి సన్నని ధ్వనులను పెంచి, దగ్గర దగ్గర పౌనఃపున్యాలను వేరుపరుస్తాయి. పక్షులలో రోమకణాలు నశిస్తే తిరిగి పుడతాయి. మనిషితో సహా క్షీరదాలలో అవి తిరిగి పుట్టవు.

కర్ణావర్తం పీఠభాగం అధిక పౌనఃపున్యాలను, శిఖరభాగం అల్ప పౌనఃపున్యాలను గ్రహిస్తుంది. సిస్‌ప్లాటిన్ ముందుగా పీఠభాగంలోని బయటి రోమకణాలను దెబ్బతీస్తుంది. కణంలో చురుకైన ఆక్సిజన్ రూపాలు పేరుకుపోయి, కణం తనంతట తాను మరణించే ప్రక్రియ మొదలవుతుంది. మోతాదు పెరిగిన కొద్దీ నష్టం శిఖరం వైపు, అంటే మాటలు వినిపించే పౌనఃపున్యాల వైపు జరుగుతుంది. కర్ణావర్తంలోని ద్రవాల సమతుల్యతను కాపాడే స్ట్రియా వాస్క్యులారిస్ అనే పొర, శ్రవణనాడీ కణాలు కూడా దెబ్బతింటాయి. సాధారణంగా ఈ లోపం రెండు చెవులలోనూ సమానంగా ఉంటుంది, శాశ్వతంగా నిలిచిపోతుంది.

చాలా అవయవాల నుండి ఈ మందు కొన్ని రోజులు, వారాలలో తొలగిపోతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కర్ణావర్తంలో మాత్రం అది నెలలు, సంవత్సరాల తరబడి నిలిచి ఉంటుంది. చికిత్స ముగిసిన తరువాత కూడా కొందరిలో వినికిడి క్షీణిస్తూ పోవడానికి ఇది ఒక వివరణ కాగలదు.

అందరికీ ఒకే స్థాయిలో నష్టం జరగదు. ముప్పును పెంచే ప్రధాన కారణాలు ఇవి:

అ. మొత్తం మీద శరీరంలోకి ఎక్కిన మోతాదు.
ఆ. ఐదేళ్ళలోపు వయసు.
ఇ. తలకు, ముఖ్యంగా చెవి సమీపానికి, రేడియేషన్ ఇవ్వడం.
ఈ. మూత్రపిండాల పనితీరు తగ్గి ఉండడం.
ఉ. జెంటామైసిన్, అమికాసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్ యాంటీబయాటిక్‌లు, ఫ్యూరోసెమైడ్ వంటి మూత్రకారకాలు అదే కాలంలో వాడడం.
ఊ. ముందు నుండే వినికిడి లోపం ఉండడం, పెద్ద శబ్దాలకు గురికావడం.

జన్యుపరమైన తేడాలపై కూడా పరిశోధనలు సాగుతున్నాయి. అయితే వాటి ఆధారంగా రోగికి మోతాదు నిర్ణయించే స్థితి ఇంకా రాలేదు.

4. తెలుగు ధ్వనుల గ్రహణంపై ప్రభావం:

సిస్‌ప్లాటిన్ నష్టం ఇంట్లో ఎందుకు తెలియదో అర్థం కావాలంటే భాషాధ్వనుల స్వభావాన్ని చూడాలి. అచ్చుల శక్తి ప్రధానంగా 3,000 హెర్ట్జ్ లోపు ఉంటుంది. మ, న వంటి అనునాసికాల శక్తి ఇంకా కింది స్థాయిలో ఉంటుంది. ఊష్మాల విషయం వేరు. ‘స’కారం శక్తి ప్రధానంగా 4,000 హెర్ట్జ్‌కు పైన, ‘శ’, ‘ష’ల శక్తి దానికి కొంత దిగువన కేంద్రీకృతమై ఉంటుంది. చ, త, ట వంటి స్పర్శాలను వేరుచేసే క్షణికమైన విస్ఫోటధ్వని కూడా చాలావరకు ఈ ఎగువ ప్రాంతంలోనే ఉంటుంది.

తెలుగు అజంత భాష. మాటలు అచ్చులతో ముగుస్తాయి. ‘వచ్చాడు’ అన్న వాక్యం ప్రశ్నగా మారాలంటే చివరి అచ్చు మారి ‘వచ్చాడా’ అవుతుంది. బహువచనాన్ని సూచించే ‘లు’, విభక్తులైన ‘ను’, ‘కు’, ‘లో’ వంటివి కూడా అచ్చులతో ముగిసేవే. అధిక పౌనఃపున్యాలు వినిపించని పిల్లవాడికి కూడా ఈ అచ్చులు, మాట లయ, స్వరభేదం అందుతాయి. ‘అన్నం తిన్నావా?’ అని అడిగితే తల ఊపుతాడు. దీనితో వినికిడి బాగానే ఉందని తల్లిదండ్రులు భావించడం సహజం. ఇంగ్లీషులో బహువచనాన్ని తెలిపే ‘స్’ ధ్వని వినిపించకపోతే వ్యాకరణదోషం త్వరగా బయటపడే అవకాశం ఉంది. తెలుగులో ఆ సూచన దొరకదు.

అయితే తెలుగులోనూ అర్థభేదకమైన కీలక స్థానాలు కొన్ని ఊష్మాల మీదనే ఆధారపడి ఉన్నాయి. వచ్చాడు - వస్తాడు, ఇచ్చారు - ఇస్తారు, తెచ్చింది - తెస్తుంది అన్న జంటలలో జరిగిన పనికీ, జరగబోయే పనికీ ప్రధానమైన తేడా ‘చ్చ’, ‘స్త’ అన్న హల్లుల గుంపులో ఉంది. చేశాడు - చేస్తాడు, చూశాడు - చూస్తాడు అన్న చోట తేడా మరింత సూక్ష్మం. కాలు, చాలు, తాలు, పాలు అన్న మాటలకు తొలి హల్లే భేదకం. నిశ్శబ్దమైన ఇంట్లో, ఎదురుగా ఉన్న మనిషి పెదవులు కనిపిస్తుండగా, సందర్భాన్ని బట్టి పిల్లవాడు వీటిని ఊహించుకోగలడు. నలభైమంది ఉన్న తరగతి గదిలో, ఉపాధ్యాయుడు బోర్డు వైపు తిరిగి చెబుతున్నపుడు ఆ ఊహ పనిచేయదు. అటువంటి పిల్లవాడు అజాగ్రత్తపరుడనో, మందబుద్ధి అనో ముద్ర పడే ప్రమాదం ఉంది. శబ్దార్థాలను ఇంకా నేర్చుకుంటున్న చిన్నపిల్లలకు ఊహించడానికి ఆధారమైన పదసంపద కూడా ఉండదు.

కాబట్టి ‘వినిపిస్తోందా?’ అన్న ప్రశ్న వినికిడి పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ఆ ప్రశ్నకు వచ్చే ‘ఆఁ’ అన్న జవాబు అచ్చులు వినిపిస్తున్నాయని మాత్రమే చెబుతుంది.

5. నష్టాన్ని ముందుగా గుర్తించే విధానం:

5.1 మూలపరీక్ష: తొలి మోతాదు ఎక్కించక ముందు చేసే పరీక్ష ఇది. రోగికి అప్పటికే ఉన్న వినికిడి స్థితి ఇందులో నమోదవుతుంది. ఇది లేకపోతే తరువాత కనిపించే లోపం మందు వలన వచ్చిందో, ముందే ఉందో తేల్చడం కష్టం. తరువాతి పరీక్షలన్నీ దీనితోనే పోల్చబడతాయి.

5.2 పునఃపరీక్షలు: ప్రతి విడత మందుకు ముందు, చికిత్స ముగిసిన తరువాత, ఆపైన కొన్ని నెలల వ్యవధిలో, పిల్లలలో అనేక సంవత్సరాల పాటు పరీక్ష జరగాలి. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 1994లో సూచించిన ప్రమాణం ప్రకారం మూలపరీక్షతో పోల్చినపుడు ఒక పౌనఃపున్యం వద్ద 20 డెసిబెల్స్ లేదా పక్కపక్కన ఉన్న రెండు పౌనఃపున్యాల వద్ద 10 డెసిబెల్స్ చొప్పున వినికిడి తగ్గినా, ముందు స్పందన వచ్చిన వరుస మూడు పౌనఃపున్యాల వద్ద స్పందన లేకపోయినా దానిని గణనీయమైన మార్పుగా భావించాలి.

5.3 పరీక్షల రకాలు: సాధారణ ఆడియోమెట్రీ 250 నుండి 8,000 హెర్ట్జ్ వరకు పరీక్షిస్తుంది. సిస్‌ప్లాటిన్ నష్టం 8,000 హెర్ట్జ్‌కు పైననే మొదలవుతుంది కాబట్టి ఆపై పౌనఃపున్యాలను కూడా పరీక్షించే సదుపాయం ఉంటే హెచ్చరిక ముందుగా అందుతుంది. బటన్ నొక్కి జవాబు చెప్పలేని పసిపిల్లలకు రెండు మార్గాలు ఉన్నాయి. బయటి రోమకణాల నుండి వెలువడే ప్రతిధ్వనులను కొలిచే ఓ.ఎ.ఇ. పరీక్ష ఒకటి. నిద్రలో ఉండగా శ్రవణమార్గపు విద్యుత్ స్పందనను కొలిచే బెరా పరీక్ష మరొకటి. మాటల గ్రహణ పరీక్షను రోగి ఇంటిభాషలోనే చేయాలి. తెలుగు, తమిళం రెండూ వినిపించే ఇంట్లో పెరిగిన పిల్లవాడి విషయంలో ఏ భాషలో పరీక్షించారన్నది నివేదికలో రాయడం అవసరం.

5.4 తీవ్రత కొలమానం: పిల్లలకు వాడే బ్రాక్ కొలమానం 40 డెసిబెల్స్ లేదా అంతకు మించిన లోపం ఏ పౌనఃపున్యం దాకా దిగివచ్చిందో చూస్తుంది. లోపం 8,000 హెర్ట్జ్ వద్దనే ఉంటే మొదటి స్థాయి. 4,000 దాకా వస్తే రెండవది, 2,000 దాకా వస్తే మూడవది, 1,000 దాకా వస్తే నాల్గవది. నాల్గవ విభాగంలో పేర్కొన్న తెలుగు ఊష్మాలు రెండవ స్థాయిలోనే మసకబారుతాయని దీనిని బట్టి గ్రహించవచ్చు.

6. పిల్లలలో ఔషధపరమైన రక్షణ - సోడియం థయోసల్ఫేట్:

ఛాయాచిత్రాల ప్రక్షాళనలో ‘హైపో’గా ప్రసిద్ధమైన రసాయనం, సైనైడ్ విషానికి విరుగుడుగా వైద్యశాస్త్రంలో స్థిరపడిన మందు, సోడియం థయోసల్ఫేట్. ఇందులోని గంధకం ప్లాటినంతో బంధం ఏర్పరచి సిస్‌ప్లాటిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. ఆక్సీకరణ ఒత్తిడిని కూడా తగ్గిస్తుంది. దీని వాడకంలోని చిక్కు కూడా ఇక్కడే ఉంది. చెవిని కాపాడే మందు కణితిని కూడా కాపాడితే ప్రయోజనం ఏమిటి? దీనికి పరిశోధకులు కనుగొన్న సమాధానం కాలవ్యవధి. రక్తంలో స్వేచ్ఛగా ఉండే సిస్‌ప్లాటిన్ త్వరగా తగ్గిపోతుంది. ఆరు గంటల తరువాత థయోసల్ఫేట్ ఎక్కిస్తే అప్పటికి కణితిపై జరగవలసిన పని జరిగి ఉంటుంది. చెవిలో జరగబోయే హానిని తగ్గించే అవకాశం మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది.

ఈ ఆలోచనను రెండు ప్రధాన అధ్యయనాలు పరీక్షించాయి.

6.1 సియోపెల్ 6: సాధారణ ముప్పు ఉన్న హెపటోబ్లాస్టోమా పిల్లలపై అనేక దేశాలలో జరిగిన ఈ అధ్యయన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. యాదృచ్ఛిక పద్ధతిలో 109 మంది పిల్లలను రెండు వర్గాలుగా విభజించారు. సిస్‌ప్లాటిన్ మాత్రమే తీసుకున్నవారిలో 63 శాతం మందికి వినికిడి లోపం రాగా, ఆరు గంటల తరువాత థయోసల్ఫేట్ కూడా తీసుకున్నవారిలో 33 శాతం మందికి వచ్చింది. మూడేళ్ళ తరువాత జీవించి ఉన్నవారు వరుసగా 92, 98 శాతం. అంటే చికిత్స ఫలితం దెబ్బతిన్న సూచన కనిపించలేదు.

6.2 ఎ.సి.సి.ఎల్. 0431: ఉత్తర అమెరికాలో వివిధ కణితులు ఉన్న పిల్లలపై జరిగిన ఈ అధ్యయన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వినికిడి లోపం 56.4 శాతం నుండి 28.6 శాతానికి తగ్గింది. అయితే వ్యాధి శరీరమంతటా వ్యాపించిన పిల్లలను విడిగా చూసినపుడు థయోసల్ఫేట్ తీసుకున్నవారిలో మూడేళ్ళ జీవనశాతం 45గా, తీసుకోనివారిలో 84గా తేలింది. ఈ విభజన అధ్యయనం తరువాత చేసిన విశ్లేషణ కాబట్టి దానిని తుదితీర్పుగా భావించలేము. కానీ పట్టించుకోకుండా వదిలివేయగలిగిన తేడా కూడా కాదు.

6.3 ఆమోదం, పరిమితులు: ఈ రెండింటి ఆధారంగా 2022 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఒక నెల దాటిన పిల్లలలో, ఇతర భాగాలకు వ్యాపించని ఘనకణితుల చికిత్సలో థయోసల్ఫేట్‌ను ఆమోదించింది. 2023లో ఐరోపా కూడా ఆమోదం తెలిపింది. వ్యాపించిన కణితులకు ఈ ఆమోదం వర్తించదు. సిస్‌ప్లాటిన్ ఎక్కడం పూర్తయిన ఆరు గంటలకు ఇది మొదలు కావాలి. వరుస రోజులలో సిస్‌ప్లాటిన్ ఇచ్చే పద్ధతిలోనైతే మరుసటి మోతాదుకు కనీసం పది గంటల ముందు ఇది పూర్తయి ఉండాలి. వాంతులు, రక్తంలో సోడియం పెరగడం, పొటాషియం తగ్గడం దీని దుష్ఫలితాలు. సైనైడ్ విరుగుడుగా దొరికే థయోసల్ఫేట్‌ను దీనికి బదులుగా వాడరాదని ఆమోదపత్రమే హెచ్చరిస్తున్నది. మోతాదు, తయారీలోని ఇతర పదార్థాలు వేరు కావడం దానికి కారణం.

6.4 ఇతర ప్రయత్నాలు: అమిఫోస్టిన్ అనే మందుపై ఒకప్పుడు ఆశలు ఉండేవి. 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దానినీ, కర్ణభేరి ద్వారా మధ్యచెవిలోకి మందు ఎక్కించే పద్ధతినీ పిల్లలలో మామూలుగా వాడవద్దని స్పష్టం చేశాయి. చెవిలో వేసే ఏ నూనె అయినా, చుక్కల మందు అయినా కర్ణభేరి దాటి కర్ణావర్తాన్ని చేరదు. వైద్యుని సలహా లేకుండా ఆక్సీకరణ నిరోధక మాత్రలు మింగడం వలన చికిత్స ప్రభావమే తగ్గే అవకాశం ఉంది.

7. పెద్దలలో రక్షణ:

పెద్దలకు ఆమోదం పొందిన రక్షణ ఔషధం ఇంతవరకు లేదు. కొలెస్టరాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ ముందు నుండీ వాడుతున్న తల-మెడ క్యాన్సర్ రోగులలో వినికిడి నష్టం తక్కువగా ఉన్నట్లు 2021లో ఒక పరిశీలనాత్మక అధ్యయనం తెలిపింది. దానిని ఇంకా యాదృచ్ఛిక అధ్యయనాలు నిర్ధారించవలసి ఉంది.

ఈ స్థితిలో వైద్యుని చేతిలో ఉన్న ప్రధాన సాధనం మోతాదు పద్ధతి. తల-మెడ క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు మూడు వారాలకు ఒకసారి చదరపు మీటరు శరీర వైశాల్యానికి 100 మి.గ్రా. ఇవ్వడం పాత పద్ధతి. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 300 మందిపై జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో వారానికి 30 మి.గ్రా. ఇచ్చినవారిలో తీవ్రమైన దుష్ఫలితాలు తక్కువగా ఉన్నాయి కానీ, కణితి నియంత్రణ కూడా తక్కువగానే ఉంది. శస్త్రచికిత్స తరువాత వారానికి 40 మి.గ్రా. ఇచ్చే పద్ధతి మూడు వారాల పద్ధతికి తీసిపోదని 2022లో జపాన్ అధ్యయనం చూపింది. మోతాదు తగ్గించడం అనేది చెవి కోసం ఒంటరిగా తీసుకొనే నిర్ణయం కాదని, కణితి నియంత్రణతో తూచి తీసుకోవలసినదని ఈ రెండూ తెలుపుతున్నాయి. ఆ తూకానికి ఒక పళ్ళెంలో పెట్టవలసిన సమాచారం వినికిడి పరీక్ష. అది లేకపోతే తూకమే జరగదు.

వీటితో పాటు రోగి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చెవిలో హోరు మొదలైతే తరువాతి విడతకు ముందే చెప్పడం, జ్వరానికి ఇచ్చే యాంటీబయాటిక్ పేరు తెలుసుకొని సిస్‌ప్లాటిన్ వాడుతున్న సంగతి చెప్పడం, పెద్ద శబ్దాలకు దూరంగా ఉండడం వాటిలో ముఖ్యమైనవి.

8. తడ ప్రాంతం - రెండు రాష్ట్రాల నడుమ వైద్యం:

తడ ఆంధ్రప్రదేశ్‌కు దక్షిణపు వాకిలి. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం తరువాత తిరుపతి జిల్లాలో చేరింది. ఒకవైపు పులికాట్ సరస్సు, భీమునివారిపాలెం వంటి మత్స్యకార గ్రామాలు ఉన్నాయి. మరొకవైపు తడ, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలో విస్తరించిన శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతం ఉంది. జాతీయ రహదారి మీదుగా చెన్నైకి ఒక దారి. సూళ్ళూరుపేట నుండి చెన్నై వెళ్ళే సబర్బన్ రైలు తడలో ఆగుతుంది. శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి మరొక దారి.

ఈ భూగోళమే ఇక్కడి క్యాన్సర్ రోగి ముందు రెండు దారులు పెడుతుంది. చెన్నైలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1954లో ఆరంభమైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఉంది. టాటా ట్రస్టుల సహకారంతో 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ వైద్య, పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉంది. రోగ నిర్ధారణ ఒకచోట, శస్త్రచికిత్స మరొకచోట, రేడియేషన్‌తో కూడిన రసాయన చికిత్స ఇంకొకచోట జరగడానికి ఇటువంటి ప్రాంతంలో అవకాశం ఎక్కువ. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, ప్రయాణ ఖర్చు, కూలి పోయే రోజుల సంఖ్య, చెన్నైలో ఉండే బంధువుల ఇల్లు ఇవన్నీ ఆసుపత్రి ఎంపికను నిర్ణయిస్తాయి. విడతల మధ్య జ్వరం వస్తే రోగి వెళ్ళేది ఆ పెద్ద ఆసుపత్రికి కాదు, దగ్గరలో ఉన్న వైద్యుని వద్దకు.

వినికిడి సంరక్షణ దృష్టితో చూస్తే ప్రమాదం ఈ అతుకుల వద్దనే ఉంది. బయాప్సీ నివేదిక, స్కానింగ్ ఫిల్ములు రోగి సంచిలో ఒక ఆసుపత్రి నుండి మరొకదానికి ప్రయాణిస్తాయి. అవి లేకపోతే చికిత్స మొదలు కాదు కాబట్టి ఎవరూ వాటిని మరచిపోరు. ఆడియోగ్రామ్ లేకపోయినా చికిత్స మొదలవుతుంది, సాగుతుంది, ముగుస్తుంది. రెండవ ఆసుపత్రిలో చేసిన పరీక్షను మొదటి ఆసుపత్రిలోని మూలపరీక్షతో పోల్చకపోతే 20 డెసిబెల్స్ మార్పు అనే ప్రమాణానికి అర్థమే లేదు. అప్పటివరకు ఎక్కిన సిస్‌ప్లాటిన్ మొత్తం మోతాదు తెలియకపోతే ముప్పును అంచనా వేయలేరు. సమీప వైద్యునికి సిస్‌ప్లాటిన్ సంగతి తెలియకపోతే జ్వరానికి అమికాసిన్ ఇచ్చే అవకాశం ఉంది.

అందువల్ల ఈ ప్రాంత రోగి సంచిలో మూడు పత్రాలు తప్పక ఉండాలి. తొలి మోతాదుకు ముందు తీసిన ఆడియోగ్రామ్ ఒకటి. ప్రతి విడతలో ఎక్కిన మోతాదు, తేదీ నమోదైన పత్రం రెండవది. చెవికి హాని చేసే మందుల పేర్లతో తెలుగులోనూ, తమిళనాడు వైద్యునికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనూ రాసిన హెచ్చరిక మూడవది. వీటికయ్యే ఖర్చు చాలా స్వల్పం.

శ్రీసిటీ వంటి పారిశ్రామిక ప్రాంతం పక్కన ఉండడం వలన మరొక అంశం కూడా ఇక్కడ పరిగణనకు వస్తుంది. భారతదేశంలో కార్మికునికి రోజుకు 8 గంటలపాటు అనుమతించిన శబ్దపరిమితి 90 డెసిబెల్స్. ఆరోగ్యవంతుని చెవిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించిన పరిమితి ఇది. సిస్‌ప్లాటిన్, శబ్దం కలిసినపుడు నష్టం పెరుగుతుందని జంతువులపై ప్రయోగాలు చూపాయి. చికిత్స ముగించుకొని పనిలోకి తిరిగి వచ్చే కార్మికుని శబ్దం తక్కువ ఉన్న విభాగానికి మార్చడం, చెవిరక్షక సాధనాలు తప్పనిసరి చేయడం, ఏటా వినికిడి పరీక్ష చేయించడం అతని విషయంలో అదనపు అవసరాలు. డప్పులు, టపాసులు, లౌడ్‌స్పీకర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

9. చట్టపు కొలత, మిగిలిపోయే రోగి:

వికలాంగుల హక్కుల చట్టం - 2016 సంభాషణ పౌనఃపున్యాలలో రెండు చెవులకూ 60 నుండి 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారిని పాక్షిక బధిరులుగాను, 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారిని బధిరులుగాను నిర్వచించింది. సిస్‌ప్లాటిన్ వలన 4,000 హెర్ట్జ్‌కు పైన తీవ్రమైన లోపం ఏర్పడి, కింది పౌనఃపున్యాలలో వినికిడి నిలిచి ఉన్న పిల్లవాడు ఈ నిర్వచనం పరిధిలోకి రాకపోవచ్చు. తరగతి గదిలో అతని కష్టం నిజమైనదే అయినా ధ్రువపత్రం దొరకదు. కాబట్టి ఇటువంటి పిల్లల విషయంలో పాఠశాలే ముందుగా స్పందించవలసి ఉంటుంది. ముందు వరుసలో కూర్చోబెట్టడం, పిల్లవాడి వైపు తిరిగి మాట్లాడడం, డిక్టేషన్‌లో శ, ష, స తప్పులను వినికిడి దృష్టితో కూడా పరిశీలించడం ఏ ధ్రువపత్రం లేకుండానే చేయవచ్చు.

లోపం స్థిరపడినవారికి వినికిడి యంత్రాలు, వాటిలో అధిక పౌనఃపున్యాలను కింది పౌనఃపున్యాలకు మార్చి వినిపించే రకాలు, ఉపాధ్యాయుని మాటను నేరుగా పిల్లవాడి చెవికి చేర్చే వైర్‌లెస్ సాధనాలు, తీవ్రమైన లోపంలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉపకరిస్తాయి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు చెందిన సికింద్రాబాదు ప్రాంతీయ కేంద్రం ఈ రంగంలో సేవలందించే ప్రభుత్వ సంస్థలు. ఈ సాధనాలు మిగిలిన వినికిడిని వినియోగంలోకి తెస్తాయే తప్ప పోయినదానిని తిరిగి ఇవ్వలేవు.

10. ముగింపు:

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి:

1. సిస్‌ప్లాటిన్ వలన కలిగే వినికిడి నష్టం శాశ్వతమైనది. అందువల్ల సంరక్షణకు అర్థం నివారణే.

2. తెలుగు అజంత భాష కావడం వలన తొలిదశ నష్టం సంభాషణలో మరుగున పడే అవకాశం ఉంది. ‘వచ్చాడు - వస్తాడు’ వంటి చోట్ల మాత్రం అది అర్థాన్నే తాకుతుంది. ఇంటిలో అడిగే ప్రశ్న పరీక్షకు సాటిరాదు.

3. వ్యాపించని ఘనకణితులు ఉన్న పిల్లలలో, ఆరు గంటల వ్యవధి పాటిస్తూ ఇచ్చే సోడియం థయోసల్ఫేట్ వినికిడి లోపాన్ని దాదాపు సగానికి తగ్గించింది. వ్యాపించిన కణితులలో దానిని వాడకపోవడానికి బలమైన కారణం ఉంది.

4. పెద్దలకు అటువంటి ఔషధం లేనందున పరీక్ష, మోతాదు పద్ధతి, ఇతర మందుల విషయంలో జాగ్రత్త, శబ్దం నుండి రక్షణ అన్నవే మార్గాలు.

5. తడ వంటి సరిహద్దు ప్రాంతంలో చికిత్స అనేక ఆసుపత్రుల మధ్య విడిపోయే అవకాశం ఉంది. మూలపరీక్ష ఆడియోగ్రామ్, మోతాదు పత్రం రోగితో పాటు సరిహద్దు దాటితేనే పైన చెప్పిన ఏ రక్షణ అయినా సాధ్యమవుతుంది.

6. వైకల్య నిర్వచనం సంభాషణ పౌనఃపున్యాల మీద ఆధారపడి ఉండడం వలన రసాయన చికిత్స పొందిన పిల్లలు కొందరు దాని వెలుపల మిగిలిపోతారు. ఈ విషయంలో విద్యారంగం, వైద్యరంగం, భాషాశాస్త్రం కలిసి పరిశోధించవలసిన అవసరం ఉంది. తెలుగు ఊష్మాల గ్రహణాన్ని ప్రత్యేకంగా కొలిచే పరీక్షా పదాల రూపకల్పన ఆ దిశలో భాషా పరిశోధకులు చేపట్టదగిన తొలి పని.